ఎలుక చిన్నపేగులో కొవ్వు ఆమ్లాలను ప్రొటీన్లు ఎలా పట్టుకుంటాయి, ఎలా మోస్తాయి: ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా

"నాకౌట్ ఎలుకకు నూనె పట్టించాం సార్. రక్తంలో ట్రైగ్లిజరైడ్ బాగా తక్కువ వచ్చింది. కొవ్వు ఒంటికి పట్టడం లేదని రాసేయొచ్చా?" ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇదే ఎక్కువ. (నాకౌట్ అంటే ఒక జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుక; ఇక్కడ కొవ్వు ఆమ్లాన్ని మోసే ప్రొటీన్ జన్యువు.) రాయకూడదు. ఆ ఒక్క అంకెను చూసి కొవ్వు ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు. నూనె కడుపులోనే ఉండిపోయి ఉండొచ్చు. పేగు కణంలోకి వెళ్లి అక్కడే చుక్కలుగా పేరుకుని ఉండొచ్చు. పేగు ముందు భాగం వదిలేసిన కొవ్వును కింది భాగం తీరిగ్గా అందుకుంటూ ఉండొచ్చు.

అందుకే ఈ పనికి ఒక వరుస ఉంది: ముందు మలం, తర్వాత రక్తం, ఆ తర్వాత పేగు, చివరికి ప్రొటీన్. వరుస తప్పితే నెలల శ్రమ వృథా అవుతుంది. కింద రాసిందంతా మౌస్ గురించే. పెద్ద ఎలుకలకు, అంటే ర్యాట్‌కు, మోతాదులూ సూదులూ వేరు.

1. కొలవబోయేది ఏ మజిలీనో ముందు తేల్చుకోండి

తిన్న కొవ్వు రక్తంలోకి చేరేలోపు నాలుగు మజిలీలు దాటుతుంది.

మొదటిది పేగు లోపలి ఖాళీ. అక్కడ పాంక్రియాస్ నుంచి వచ్చే లైపేజ్ ఎంజైము తిన్న కొవ్వును, అంటే ట్రైగ్లిజరైడ్‌ను, విడగొడితే కొవ్వు ఆమ్లాలు, మోనోఎసైల్‌గ్లిసరాల్ వస్తాయి. పైత్య లవణాలు వాటిని మైసెల్స్‌గా, అంటే నీటిలో తేలే సూక్ష్మ గుళికలుగా, కడతాయి.

రెండోది బ్రష్ బోర్డర్ పొర, అంటే పేగు కణానికి ఖాళీ వైపు ఉండే అంచు. కొంత కొవ్వు ఆమ్లం ఈ పొరను తనంతట తానే దాటుతుంది. సీడీ36 లాంటి ప్రొటీన్ల పాత్ర కూడా ఇక్కడే.

మూడోది కణం లోపలి నీటి భాగం. కొవ్వు ఆమ్లం నీటిలో కరగదు కాబట్టి దాన్ని ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాలి. ఆ పని చేసేవి ఎఫ్‌ఏబీపీ1, ఎఫ్‌ఏబీపీ2 (ఎఫ్‌ఏబీపీ అంటే ఫ్యాటీ యాసిడ్ బైండింగ్ ప్రొటీన్, కొవ్వు ఆమ్లాన్ని పట్టుకునే ప్రొటీన్). రెండూ 14 నుంచి 15 కిలోడాల్టన్ల చిన్న ప్రొటీన్లే. పది బీటా పోగులు బుట్టలా అల్లుకుని ఉంటే, మీద రెండు చిన్న హెలిక్సులు మూతలా ఉంటాయి. కొవ్వు ఆమ్లం ఆ బుట్టలో కూర్చుంటుంది. ఎఫ్‌ఏబీపీ2 బుట్టలో ఒక్క కొవ్వు ఆమ్లమే పడుతుంది, దాని కార్బాక్సిలేట్ కొసను 106వ స్థానంలోని ఆర్జినిన్ పట్టి ఉంచుతుంది. ఎఫ్‌ఏబీపీ1 బుట్ట పెద్దది. రెండు కొవ్వు ఆమ్లాలు పడతాయి, మోనోఎసైల్‌గ్లిసరాల్‌నూ అది పట్టుకోగలదు.

నాలుగోది ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. ఇక్కడ ఎంగ్యాట్2, డీగ్యాట్1 ఎంజైములు మళ్లీ ట్రైగ్లిజరైడ్‌ను తయారు చేస్తాయి. ఎంటీపీ అనే ప్రొటీన్ దాన్ని అపోబీ48 అనే ఇంకో ప్రొటీన్ మీదికి ఎక్కిస్తుంది. అలా తయారైన కొవ్వు కణిక, అంటే కైలోమైక్రాన్, లింఫ్ గుండా రక్తంలోకి వెళ్తుంది.

ఏ ప్రశ్నకు ఏ పరీక్ష చేయాలో చూడండి:

- తిన్న కొవ్వులో ఎంత శాతం ఒంట్లోకి వెళ్లింది? మలంలో కొవ్వు కొలవాలి.
- ఎంత వేగంగా రక్తంలోకి వచ్చింది? రక్తనాళాల్లోని లైపేజ్‌ను ఆపి నూనె పరీక్ష చేయాలి.
- కణంలో ఇరుక్కుందా? పేగు ముక్కను కోసి కొవ్వు చుక్కలు చూడాలి.
- ప్రొటీన్ ఎంత గట్టిగా పట్టుకుంటుంది, పొరకు ఎలా అందిస్తుంది? శుద్ధి చేసిన ప్రొటీన్‌తో పరీక్షనాళికలో చూడాలి.

ఒక విషయం మనసులో ఉంచుకోండి. ఎఫ్‌ఏబీపీ1 లేని ఎలుకలు గానీ, ఎఫ్‌ఏబీపీ2 లేని ఎలుకలు గానీ తిన్న కొవ్వును మలంలో పెద్దగా వదిలేయవు. తేడా కనిపించేది వేగంలో, కణం లోపల ఆ కొవ్వు ఏ దారి పట్టిందన్న దాంట్లో. మల పరీక్షలో తేడా రాలేదని ప్రాజెక్టును మూసేయకండి.

2. రెండు వారాల ముందే కావాల్సినవి

మన దేశంలో ఈ పని చేయాలంటే సంస్థలోని జంతు నైతిక సంఘం, అంటే ఐఏఈసీ, అనుమతి చేతిలో ఉండాలి. సంస్థకు జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ రిజిస్ట్రేషన్ ఉండాలి (పాతవాళ్లు ఇప్పటికీ సీపీసీఎస్‌ఈఏ అనే అంటారు). ఎన్ని గంటలు పస్తు పెడతారు, ఎంత నూనె పట్టిస్తారు, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, ఇవన్నీ ఫారం బీలో అంకెలతో సహా రాయండి. రాయకుండా చేస్తే అది అనుమతి లేని ప్రయోగమే. రేడియోధార్మిక ఓలిక్ ఆమ్లం వాడేటట్లయితే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధనలు కూడా వర్తిస్తాయి.

ఎలుకల విషయంలో నేను పట్టుబట్టేవి ఇవి:

- నాకౌట్, మామూలు ఎలుక ఒకే ఈతలోవి కావాలి. కంట్రోల్‌ను బయట కొనుక్కొచ్చి పెట్టకండి.
- ఎలుక జాతి సీ57బీఎల్/6 అని రాస్తే చాలదు, జే నా, ఎన్ నా అన్నది చూడాలి. జే రకంలో ఎన్ఎన్‌టీ జన్యువుకు లోపం ఉంది, ఎన్ రకంలో లేదు. రెండూ కలిపితే మెటబాలిజం ఫలితాలు చెదిరిపోతాయి.
- మగ, ఆడ వేరువేరు గుంపులుగా ఉండాలి. సగటు కలిపి తీయకూడదు.
- ఎక్కువ కొవ్వు మేత పెడితే, కంట్రోల్‌కు అదే దినుసులతో చేసిన తక్కువ కొవ్వు మేత పెట్టండి. మామూలు చౌలో (ల్యాబ్ ఎలుకల రోజువారీ మేతలో) పీచు, పిండి అన్నీ వేరు. అప్పుడు తేడా కొవ్వు వల్ల వచ్చిందని చెప్పలేరు.

మేత మార్చిన రోజే పరీక్ష పెట్టకండి. ఎఫ్‌ఏబీపీ1 జన్యువు పీపార్ ఆల్ఫా అనే నియంత్రక ప్రొటీన్ మాట వింటుంది. కొవ్వు మేత వేసినా, పస్తు పెట్టినా దాని స్థాయి మారుతుంది. ఎలుకలన్నీ ఒకే మేత మీద కనీసం రెండు వారాలు ఉండాలి.

3. మలంలో కొవ్వు: మొదట చేయాల్సింది ఇదే

రక్తం తీయక్కర్లేదు, ఎలుకకు బాధ లేదు. అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే, నాకు అది బాధగా ఉంటుంది. రెండు దారులున్నాయి.

*మార్కర్ దారి.* మేతలోని కొవ్వులో 5 శాతం సుక్రోజ్ పాలిబిహనేట్ కలుపుతారు. అది అరగదు, ఒంటికి పట్టదు, మొత్తం మలంలోకి వచ్చేస్తుంది. మూడు రోజులు తినిపించి నాలుగో రోజు కొన్ని పెంటికలు ఏరుకుంటే చాలు. గ్యాస్ క్రొమటోగ్రఫీలో (కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే పద్ధతిలో) మిగతా కొవ్వు ఆమ్లాలకూ ఈ మార్కర్‌లోని బిహనిక్ ఆమ్లానికీ ఉన్న నిష్పత్తి చూస్తారు. ఉదాహరణకు మేతలో ఆ నిష్పత్తి 20, మలంలో 1 అనుకోండి. 1ని 20తో భాగిస్తే 0.05. అంటే 5 శాతం బయటికి వెళ్లింది, 95 శాతం లోపలికి వెళ్లింది. ఎంత తిన్నదో, ఎంత విసర్జించిందో తూకం వేయాల్సిన పని లేదు.

*తూకం దారి.* మార్కర్ దొరకనప్పుడు ఇలా చేయండి:

1. ఎలుకను ఒంటరిగా పెట్టి 72 గంటల మేతను తూచండి. కింద రాలిన పొడిని కూడా ఏరి, తూచి, ఆ లెక్కలోంచి తీసేయండి.
2. పెంటికలను ఫోర్సెప్స్‌తో ఏరి, ఆరబెట్టి, తూచి, మెత్తగా నూరండి.
3. తూచిన పొడిలో 17 కార్బన్ల హెప్టాడెకనోయిక్ ఆమ్లాన్ని తెలిసిన మోతాదులో ఇప్పుడే కలపండి. చివర్లో కలిపితే మధ్యలో పోయిన కొవ్వు లెక్కకు రాదు.
4. నీళ్లు పోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 నుంచి 3కి తీసుకురండి.
5. క్లోరోఫాం 2 పాళ్లు, మెథనాల్ 1 పాలు కలిపిన ద్రావణంతో కొవ్వును లాగండి. సెలైన్‌తో కడిగి కింది పొరను తీసుకోండి.
6. నైట్రోజన్ కింద ఆరబెట్టండి. తూకంతో ఆపకుండా గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయండి. తూకంలో స్టెరాల్స్ కూడా కలిసిపోతాయి.

నాలుగో మెట్టు దగ్గర ఆగి ఒక మాట చెప్పాలి. పేగులో సంతృప్త కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి సబ్బుగా మారతాయి. ఆమ్లం పోయకపోతే ఆ సబ్బు క్లోరోఫాంలోకి రాదు. మలంలో కొవ్వు ఉండి కూడా లేనట్టే కనిపిస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు లార్డ్ (పంది కొవ్వు) మేత తిన్న ఎలుకలూ చౌ తిన్న ఎలుకలూ ఒకేలా వచ్చాయి. మిగిలిన పొడిని మళ్లీ ఆమ్లంతో తీస్తే తేడా అప్పుడు బయటపడింది. సగం నమూనా అప్పటికే అయిపోయింది. అప్పటి నుంచి సగం పొడి దాచకుండా ఏ నమూనా మొదలుపెట్టను.

మలంలో కొవ్వు ఎక్కువగా వస్తే ఇంకో చిన్న పని ఉంది. ఆ సారాన్ని పలుచటి పొర క్రొమటోగ్రఫీ పలక మీద చుక్కలుగా పెట్టండి. హెక్సేన్, డైఈథైల్ ఈథర్, ఎసిటిక్ ఆమ్లం 80:20:1 పాళ్లలో నడిపి, అయోడిన్ ఆవిరిలో చూడండి. ట్రైగ్లిజరైడ్ మచ్చ ముదురుగా ఉంటే అరగడంలోనే ఇబ్బంది ఉన్నట్టు, మీ దృష్టి లైపేజ్ వైపు మళ్లాలి. విడి కొవ్వు ఆమ్లం మచ్చ ముదురుగా ఉంటే అరిగింది గానీ లోపలికి వెళ్లలేదు. అప్పుడు పైత్య లవణాలనూ, పొర దాటడాన్నీ అనుమానించాలి.

4. నూనె పరీక్షకు ముందురోజు

*పోలాక్సమర్ 407.* రక్తనాళాల్లోని లైపోప్రొటీన్ లైపేజ్‌ను ఇది ఆపుతుంది. అది ఆగితే వచ్చిన కైలోమైక్రాన్ కరిగిపోకుండా రక్తంలోనే నిలుస్తుంది. 1 గ్రాము పొడిని 10 మి.లీ. చల్లటి సెలైన్‌లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. త్వరగా కరగాలని వేడి చేయకండి. ఇది మామూలు పదార్థాలకు తిరగబడి ఉంటుంది: చల్లగా ఉంటే కరుగుతుంది, వెచ్చబడితే చిక్కబడుతుంది. ద్రావణం చిక్కగా చేస్తే వేసవిలో బెంచీ మీదే జెల్లీలా గడ్డకడుతుంది. సిరంజీలు నింపేదాకా ఐసు మీదే ఉంచండి.

*నూనె.* ఆలివ్ నూనె గానీ మొక్కజొన్న నూనె గానీ, ఏదైనా ఒకటే సీసా, ఒకటే బ్యాచ్. కొత్త సీసా మధ్యలో తెరవకండి.

*సూది.* 25 గ్రాముల ఎలుకకు 20 గేజ్, కొసన గుండ్రటి బంతి ఉన్న గవేజ్ సూది (నోటి గుండా కడుపులోకి నూనె పట్టించేది). ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా సూదిని పక్కన పెట్టి కొలిచి, ఆ పొడవు దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకోండి.

*ఊక.* ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. మేత తీసేసినా బోనులో మొక్కజొన్న కండె ముక్కలు, పాత పెంటికలు ఉంటాయి. ఆకలేసిన ఎలుక వాటిని తింటుంది. రాత్రంతా పస్తు ఉందనుకున్న ఎలుక కడుపు ఒకసారి కోసి చూశాను. గోధుమరంగు కండె ముక్కలు ఉండలా కట్టి కడుపంతా నిండి ఉన్నాయి. ఆ రోజు తీసిన పది ఎలుకల అంకెలూ పక్కన పెట్టాల్సి వచ్చింది. పస్తు మొదలయ్యే గంటకే శుభ్రమైన బోనులోకి మార్చండి.

5. నూనె పరీక్ష రోజు: గంటల వారీగా

రాత్రంతా పస్తు ఎలుకకు చాలా ఎక్కువ. రాత్రే అది తినే వేళ, ఒంటి బరువులో పదో వంతు దాకా పోతుంది, దాంతోపాటు మీరు కొలవాలనుకున్న ప్రొటీన్లే మారిపోతాయి. నా సలహా ఉదయం మొదలుపెట్టి 4 నుంచి 6 గంటల పస్తు.

- ఉదయం 9:00: కొత్త బోను, మేత తీసేయడం. నీళ్లు ఉంచాలి.
- మధ్యాహ్నం 1:00: తూకం. తోక కొస నుంచి సున్నా గంట రక్తం, 20 నుంచి 25 మైక్రోలీటర్లు, గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులోకి. వెంటనే పోలాక్సమర్ ఇంజెక్షన్ కడుపు కుహరంలోకి, గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్లు. పది శాతం ద్రావణం కాబట్టి అది కిలోకు 1 గ్రాము అవుతుంది.
- 1:30: నూనె, గ్రాము బరువుకు 10 మైక్రోలీటర్లు. 25 గ్రాముల ఎలుకకు 250 మైక్రోలీటర్లు.
- 2:30, 3:30, 4:30, 5:30: రక్తం.

ఎలుకకూ ఎలుకకూ మధ్య 5 నిమిషాలు వదలండి. ఒక మనిషి ఒక రోజులో పదికి మించి పెట్టుకోకూడదు. ఎక్కువైతే గంట రక్తం తీసే వేళకు ఇంకో ఎలుకకు నూనె పట్టిస్తూ ఉంటారు, టెన్షన్‌లో చెయ్యి వణుకుతుంది. ఏది నాకౌటో తెలియని మనిషి చేత పట్టిస్తే ఇంకా మంచిది.

నూనె పట్టించేటప్పుడు సూది తనంతట తాను జారాలి. అడ్డు తగిలితే తోయకండి, వెనక్కి తీయండి. ఎలుక దగ్గినా, ముక్కులోంచి నూనె కనిపించినా ఆపేసి ఆ ఎలుకను పరీక్ష నుంచి తప్పించండి, పశువైద్యుడికి చూపించండి. నూనెను 37 డిగ్రీలకు వెచ్చబెడితే సూదిలో సాఫీగా కదులుతుంది. సూది బయటి వైపు తుడిచిన తర్వాతే లోపలికి పంపండి. బయట అంటుకున్న నూనె నోట్లో మిగిలిపోతే మోతాదు తప్పుతుంది.

రక్తం లెక్క కూడా చూసుకోండి. 25 గ్రాముల ఎలుక ఒంట్లో ఉండే రక్తం దాదాపు 2 మి.లీ. అందులో పదో వంతు, అంటే 200 మైక్రోలీటర్లు, దాటకూడదు. 25 చొప్పున ఐదుసార్లు తీస్తే 125. హద్దులోనే ఉన్నారు.

*అంకెలు తీసేటప్పుడు.* పోలాక్సమర్ ఇచ్చిన ఎలుక ప్లాస్మా పాలలా తెల్లగా ఉంటుంది. మామూలు ట్రైగ్లిజరైడ్ కిట్ పరిధి దాటిపోతుంది. ఐదు రెట్లు, పది రెట్లు పలుచన చేసి రెండింటిలోనూ చదవండి. రెండు లెక్కలూ కలిస్తేనే నమ్మండి. ఈ కిట్లు గ్లిసరాల్‌ను కొలిచి ట్రైగ్లిజరైడ్ అని చెప్తాయి. ముందే విడిగా ఉన్న గ్లిసరాల్‌ను ప్లేట్‌లోని వేరే గుంతలో (వెల్‌లో) కొలిచి లెక్కలోంచి తీసేయాలి.

వక్రం కింద వైశాల్యం కన్నా 1 నుంచి 4 గంటల మధ్య గీత వాలును చూడండి. పోలాక్సమర్ ఇస్తే గీత పైకి పోతూనే ఉంటుంది, ఆ వాలే వేగం. అది ఇవ్వకుండా చేసిన పరీక్షలో గీత లేచి పడుతుంది. ఆ గీతలో పేగు పంపినదీ, ఒళ్లు వాడుకున్నదీ రెండూ కలిసి ఉంటాయి, విడదీయలేరు.

ఇంకో కంట్రోల్ తప్పదు: పోలాక్సమర్ ఇచ్చి, నూనెకు బదులు సెలైన్ పట్టించిన గుంపు. కాలేయం పంపే కొవ్వు కణికలు, అంటే వీఎల్‌డీఎల్, కూడా రక్తంలో పేరుకుంటుంది. ఆ వాలును తీసేస్తే మిగిలేదే పేగు పని.

చివరి రక్తం తీశాక ఎలుకను నిబంధనల ప్రకారం చంపి, కడుపు తెరిచి చూడండి. నూనె ఇంకా మెరుస్తూ ఉంటే మీ తేడా పేగుది కాదు, కడుపు ఖాళీ అవడానిది. రెండు గుంపుల కడుపులనూ ఒకే పద్ధతిలో తూచి రాసుకోండి.

6. పేగును తీయడం, కోయడం

పాత నోట్‌బుక్కుల్లో "జెజునమ్" (చిన్నపేగు మధ్య భాగం) అని మాత్రమే రాసి ఉంటుంది. ఎక్కడి జెజునమ్? ఎఫ్‌ఏబీపీ1, సీడీ36 పేగు మొదటి భాగంలో ఎక్కువ, కిందికి పోయేకొద్దీ తగ్గుతాయి. ఎఫ్‌ఏబీపీ2 ఇంకా కింది దాకా విస్తరించి ఉంటుంది. ఎఫ్‌ఏబీపీ6 ఇలియమ్‌దే (చిన్నపేగు చివరి భాగం), దాని పని పైత్య ఆమ్లాలతో. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ కోస్తే ప్రొటీన్ ఎక్కువైనట్టో తగ్గినట్టో కనిపిస్తుంది.

1. కడుపు చివరి నుంచి సీకమ్ (పెద్దపేగు మొదలు) దాకా పేగును లాగకుండా తీసి, ఐసు మీది తడి కాగితం మీద పొడవుగా పరచండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి.
2. మొత్తం పొడవును రాసుకోండి. దాన్ని శాతాల్లో భాగించి కోయండి. సెంటీమీటర్లలో వద్దు, ఎందుకంటే నాకౌట్‌లో పేగు పొడవే మారి ఉండొచ్చు.
3. చల్లటి పీబీఎస్ ఉప్పు ద్రావణంతో మెల్లగా కడగండి. సిరంజీని గట్టిగా నొక్కితే విల్లై (లోపలి పొర మీది వేళ్లలాంటి మొలకలు; ఒక్కటైతే విల్లస్) రాలిపోతాయి.
4. నిలువుగా చీల్చి, ఐసు మీది గాజు పలక మీద పరిచి, ఇంకో గాజు స్లైడు అంచుతో లోపలి పొరను గీకండి. కండరం పలక మీదే మిగలాలి.
5. ప్రొటియేజ్ ఇన్హిబిటర్ కలిపిన బఫర్‌లో వెంటనే వేయండి లేదా ద్రవ నైట్రోజన్‌లో ముంచండి.

కోత మొదలైన దగ్గర్నుంచి ఐదో మెట్టు దాకా ఐదారు నిమిషాల్లో ముగియాలి. పేగు నిండా ప్రొటీన్లను నరికే ట్రిప్సిన్ ఉంటుంది, అది మీ కోసం ఆగదు.

7. వెస్టర్న్ బ్లాట్

నమూనాలో ప్రొటీన్ ఎంత ఉందో యాంటీబాడీతో చూసే పరీక్ష ఇది. 15 కిలోడాల్టన్ల ప్రొటీన్‌కు 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ల పీవీడీఎఫ్ పొర. ట్రాన్స్‌ఫర్ ఎక్కువసేపు పెడితే చిన్న ప్రొటీన్ పొరను చీల్చుకుని అవతలికి పోతుంది. మొదటిసారి వెనకాల ఇంకో పొర పెట్టి చూడండి, అవతలికి పోయిందో లేదో తెలుస్తుంది.

ఎఫ్‌ఏబీపీలు పేగు కణంలో విపరీతంగా ఉంటాయి. అలవాటుగా 40 మైక్రోగ్రాములు లోడ్ చేస్తే పట్టీ నల్లగా నిండిపోయి, సగం తగ్గినా కనిపించదు. ఒకే నమూనాను 2.5, 5, 10, 20 మైక్రోగ్రాములుగా పెట్టి, పట్టీ రెట్టింపుకు రెట్టింపు పెరిగే చోటే పని చేయండి.

యాంటీబాడీని నమ్మొచ్చా అనేది తేల్చడానికి ఖర్చు లేని ఉపాయం ఉంది. అదే ఎలుక కాలేయాన్నీ, ఇలియమ్‌నూ పక్క లైన్లలో పెట్టండి. కాలేయంలో ఎఫ్‌ఏబీపీ1 బాగా ఉంటుంది, ఎఫ్‌ఏబీపీ2 ఉండదు. మీ ఎఫ్‌ఏబీపీ2 యాంటీబాడీ కాలేయంలో పట్టీ చూపిస్తే అది అన్నదమ్ముణ్ని పట్టుకుంటోంది, పక్కన పడేయండి. ప్రతి లైనులో నమూనా సమానంగా పడిందో సరిచూసుకోవడానికి యాక్టిన్ ప్రొటీన్ కన్నా విల్లిన్ నయం. గీకినదాంట్లో పేగు కణాలు ఎంత ఉన్నాయో అదే చెప్తుంది.

ఒక ఎఫ్‌ఏబీపీని తీసేసిన ఎలుకలో రెండోదాన్ని కూడా తప్పకుండా కొలవండి.

8. కణంలో కొవ్వు చుక్కలు

దీనికి వేరే ఎలుకల గుంపు కావాలి. నూనె పట్టించిన 2 గంటలకు పేగు తీసి, గడ్డకట్టించి, క్రయోస్టాట్‌లో కోసి, కొవ్వుకు పట్టే రంగు, బాడిపీ 493/503 గానీ ఆయిల్ రెడ్ ఓ గానీ, వేయండి. పారఫిన్‌లో పెట్టొద్దు. ఆల్కహాల్, జైలీన్ కొవ్వునంతా కడిగేస్తాయి, మిగిలేవి ఖాళీ గుంతలే. పోలాక్సమర్ ఇవ్వక్కర్లేదు. విల్లస్ కొసలో, మధ్యలో, మొదట్లో వేరువేరుగా లెక్కపెట్టండి.

9. ప్రొటీన్ చేతికొచ్చాక: పట్టు, బదిలీ

*శుద్ధి.* ఈ. కోలై బీఎల్21లో తయారైన ఎఫ్‌ఏబీపీ ఖాళీ బుట్టతో రాదు, బ్యాక్టీరియా కొవ్వు ఆమ్లాన్ని మోసుకునే వస్తుంది. దాన్ని తీయడానికి కొవ్వును పట్టి ఉంచే లిపిడెక్స్-1000 కాలమ్‌ను 37 డిగ్రీల దగ్గర, నెమ్మదిగా నడపాలి. చల్లటి గదిలో నడిపితే కొవ్వు వదలదు. తర్వాత కొంచెం ప్రొటీన్ తీసి గ్యాస్ క్రొమటోగ్రఫీలో మిగిలిన కొవ్వును చూడండి. మోలు ప్రొటీన్‌కు 0.1 మోలు కన్నా ఎక్కువ ఉంటే మళ్లీ కాలమ్. హిస్టిడిన్ ట్యాగ్ పెట్టి ఉంటే కోసేసిన తర్వాతే బంధన పరీక్ష చేయండి.

*గాఢత.* ఇక్కడ చాలామంది జారిపడతారు. ఎలుక ఎఫ్‌ఏబీపీ1లో ఒక్క ట్రిప్టోఫాన్ కూడా లేదు, టైరోసిన్లు మూడే. 280 నానోమీటర్ల కాంతిని ముఖ్యంగా పీల్చేవి ఈ అమైనో ఆమ్లాలే కాబట్టి అక్కడ అది దాదాపు కనిపించదు. ఆ కాంతితో కొలిచే నానోడ్రాప్ యంత్రం చూపించే అంకెలో చిన్న మలినానిదే పెద్ద వాటా కావచ్చు. ప్రొటీన్‌ను రంగుతో కొలిచే బీసీఏ గానీ బ్రాడ్‌ఫర్డ్ గానీ వాడండి. ఎఫ్‌ఏబీపీ2లో 6, 82 స్థానాల్లో ట్రిప్టోఫాన్లు రెండున్నాయి, దానికి ఈ బాధ లేదు. అందుకే ట్రిప్టోఫాన్ కాంతితో చేసే బంధన పరీక్ష ఎఫ్‌ఏబీపీ2కే పనికొస్తుంది.

*బంధన పరీక్ష.*

1. ఏఎన్‌ఎస్ అనే రంగుపదార్థం నీటిలో మసకగా ఉంటుంది, ప్రొటీన్ బుట్టలోకి వెళ్తే వెలుగుతుంది. ముందు దాన్ని ప్రొటీన్‌కు పట్టించండి. 475 నానోమీటర్ల దగ్గర వెలుగు చదవండి.
2. ఓలిక్ ఆమ్లాన్ని ఇథనాల్‌లో కరిగించి, గాజు సీసాలో, నైట్రోజన్ కింద పెట్టుకోండి. ప్లాస్టిక్‌కు కొవ్వు ఆమ్లం అంటుకుంటుంది.
3. కొంచెం కొంచెంగా కలపండి. ఏఎన్‌ఎస్ బయటికి తోసుకుపోయేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మొత్తం ఇథనాల్ 1 శాతం దాటకూడదు.
4. ప్రొటీన్ లేని క్యువెట్‌లో ఇదే చేసి, ఆ వెలుగును తీసేయండి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఎఫ్‌ఏబీపీ కొవ్వు ఆమ్లాన్ని నానోమోలార్ స్థాయిలో పట్టుకుంటుంది. మీరు 1 మైక్రోమోలార్ ఎఫ్‌ఏబీపీ2 వేసి నేరుగా టైట్రేషన్ చేస్తే వచ్చే సగం బిందువు 0.5 మైక్రోమోలార్. అది పట్టు బలం కాదు, మీరు వేసిన ప్రొటీన్‌లో సగం. ప్రొటీన్‌ను రెట్టింపు చేసి మళ్లీ చేయండి. సగం బిందువు కూడా రెట్టింపయితే మీరు కొలిచింది ఎన్ని పడతాయన్నదే, ఎంత గట్టిగా పడతాయన్నది కాదు.

*పొరకు అందించడం.* నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష ఇదే. ఆంత్రోయిలాక్సి కొవ్వు ఆమ్లాన్ని, అంటే వెలిగే గుంపు తగిలించిన కొవ్వు ఆమ్లాన్ని, ప్రొటీన్‌కు పట్టించి, ఆ వెలుగును ఆర్పే ఎన్‌బీడీ ఫాస్ఫోలిపిడ్ ఉన్న చిన్న బుడగలతో కలుపుతారు. కొవ్వు ఆమ్లం బుడగలోకి దూకగానే వెలుగు ఆరుతుంది. ఆ వేగాన్ని స్టాప్డ్-ఫ్లోలో (రెండు ద్రావణాలను క్షణంలో కలిపి వెలుగు చదివే యంత్రంలో) చదవాలి.

ఇక్కడ రెండు ప్రొటీన్లూ విడిపోతాయి. బుడగల సంఖ్య పెంచితే ఎఫ్‌ఏబీపీ2 బదిలీ వేగం కూడా పెరుగుతుంది, అంటే అది పొరను తాకి చేతికిస్తోంది. పొరలో కార్డియోలిపిన్ లాంటి ఋణావేశం ఉన్న లిపిడ్ కలిపితే ఇంకా వేగం. ఎఫ్‌ఏబీపీ1 వేగం బుడగల సంఖ్యతో మారదు. అది కొవ్వు ఆమ్లాన్ని నీటిలోకి వదులుతుంది, కొవ్వు ఆమ్లం తనంతట పొరను వెతుక్కుంటుంది. అక్కడ ఉప్పు గాఢతను మార్చి చూడండి. ఉప్పు పెంచేకొద్దీ వేగం తగ్గితే నీటి దారే. కనీసం నాలుగు బుడగ గాఢతలు లేకుండా ఏ దారో చెప్పకండి.

10. నాలుగు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చదవడం

- మలంలో తేడా లేదు, రక్తంలో వాలు తక్కువ, కణాల్లో చుక్కలు ఎక్కువ: కొవ్వు లోపలికి వచ్చింది, బయటికి పోలేకపోయింది. కైలోమైక్రాన్ కట్టే మజిలీని చూడండి.
- మలంలో తేడా లేదు, వాలు తక్కువ, ముందు పేగులో చుక్కలు తక్కువ, ఇలియమ్‌లో ఎక్కువ: శోషణ కిందికి జరిగింది. సీడీ36 లేని ఎలుకల్లో ఇలాంటిదే జరుగుతుంది.
- మలంలో తేడా లేదు, వాలు తక్కువ, కడుపులో నూనె మిగిలింది: పేగు గురించి ఇంకేమీ రాయకండి, ముందు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని కొలవండి.
- మలంలో ఎక్కువ: మూడో భాగంలో చెప్పిన పలక దగ్గరికి తిరిగి వెళ్లండి.
- అన్నీ మామూలే, కానీ ఎలుక బరువు తేడాగా ఉంది: కణం లోపలి దారిని చూడాలి. పేగు గీకిన పొరలో గుర్తు పెట్టిన ఓలిక్ ఆమ్లం ట్రైగ్లిజరైడ్‌లోకి ఎంత, ఫాస్ఫోలిపిడ్‌లోకి ఎంత, ఆక్సీకరణకు ఎంత వెళ్లిందో విడదీయండి.

చివరి రకం ఫలితం కూడా మీకు రావచ్చు. కొవ్వు మేత మీద ఎఫ్‌ఏబీపీ1 లేని ఎలుకలు ఒక ల్యాబ్‌లో లావెక్కాయి, ఇంకో ల్యాబ్‌లో లావెక్కకుండా నిలిచాయి. మేతలో కొవ్వు రకం, ఎలుక జాతి, మగా ఆడా అన్నవి అక్కడ వేరువేరు. కాబట్టి ప్రతి ఎలుక పేరు పక్కన ఈ వరుస రాసి పెట్టండి: పుట్టిన తేదీ, ఈత నంబరు, జే నా ఎన్ నా, లింగం, మేత కోడ్, ఆ మేతలో ఏ కొవ్వు, ఎన్ని రోజులు తిన్నది, పస్తు మొదలైన గంట, ఊక రకం, నూనె బ్యాచ్, పట్టించిన మనిషి, పేగు మొత్తం పొడవు, కోసిన శాతం.

మీ అంకె పక్క ల్యాబ్ అంకెతో కలవనప్పుడు మొదట తెరిచేది ఈ పేజీనే.